రంది పెట్టుకుంటదని

రంది అంటే దిగులే కదా అని పట్నం స్నేహితులు అడుగుతుంటారు. దిగులు సాయంత్రానికి సర్దుకుంటుంది. దుఃఖం ఏడిస్తే కొంత తీరుతుంది. ఏడవడానికి వీల్లేక లోపలే కూర్చుని, తిండినీ నిద్రనూ తినేసేదాన్ని మా పాలమూరులో రంది అంటారు. "రంది పెట్టుకోకు" అని ఎదుటివాళ్లకు సులువుగా చెప్తారు, ఎవరో కావాలని పెట్టుకున్నట్టు.

గద్వాలలో మా మామ, అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు, చీరలు నేసేవాడు. ఆయన పోయేనాటికి అమ్మ గుండె ఆపరేషన్ అయి వనపర్తిలో మా ఇంట్లో మంచం మీద ఉంది. "చెప్పొద్దు, రంది పెట్టుకుంటది" అన్నారు ఇంటిల్లిపాదీ. ఆమెకు మాటలు చెప్పే పని నాకే అప్పగించారు. నా కోతలకు వీపనగండ్ల దాకా పేరుంది మరి.

మామను మట్టి చేసి వచ్చి, స్నానం చేసి, నవ్వుముఖం పెట్టుకుని అమ్మ పక్కన కూర్చున్నాను.

"మీ మామ ఫోన్ ఎత్తుతలేడేందిరా?"

"ఫోన్ మగ్గం కింద గుంతల వడ్డదంట. తీద్దామని చెయ్యి వెడితె చేప దొరికిందంటమ్మా. జూరాల డ్యాము నీళ్లు ఆ గుంత దాకా ఊరినయ్."

"నీ నోట్ల మన్నువడ!" అని నవ్వింది.

అట్లా రోజుకొకటి చెప్పాను. ఎనిమిదో నాడు పొద్దున గంజి తాగిస్తూ, "ఇప్పుడే మామతోని మాట్లాడిన. మగ్గం మీదున్నడు, చప్పుడుకు మాట వినొస్తలేదు" అన్నాను.

అమ్మ గ్లాసు పక్కన పెట్టింది.

"ఇయ్యాల అమాస గదరా. అమాస నాడు మా ఇంట్ల మగ్గమెక్కరు."

నేత ఇంట్లో పుట్టిన మనిషి ముందు ఆ మాట ఎట్లా జారిందో! తల దించుకున్నాను.

"వాడు పోయి ఎన్నొద్దులాయె?"

"ఎనిమిది దినాలమ్మా. నువ్వు రంది పెట్టుకుంటవని..."

"ముఖం సూడనియ్యకపోతిరి. నలుగుట్ల ఏడ్వనియ్యకపోతిరి. ఇప్పుడు దీన్ని యాడ పెట్టాల్రా?"

మళ్లీ అడిగింది. "పొయ్యేటప్పుడు నన్ను యాది జేసిండా?"

చేశాడు. నేను గద్వాల పోయి ఆయన్ను దవాఖానకు తీసుకుపోతుంటే, ఆటోలో ఆయన పక్కన నేనొక్కణ్ణే ఉన్నాను. నా చెయ్యి పట్టుకుని "అక్క తిన్నదా?" అన్నాడు. ఆ తర్వాత మాట్లాడలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"ఇది గూడ మంచిగ జెప్తవు కొడుకా" అని అమ్మ గోడవైపు తిరిగింది.

రెండేళ్లయింది. ఇప్పటికీ కంచం ముందు కూర్చుని, "నిజంగ అడిగిండారా?" అంటుంది. అడిగాడంటాను. తల ఊపుతుంది. కలిపిన ముద్దను కంచం అంచుకు జరుపుతుంది.