చింతపండుతో తోమిన పాన్‌దాన్

నా చిన్నప్పుడు, ఒకరు వాడి వదిలేసిన సామాను కొని తెచ్చి ఇంట్లో అలంకరించుకుంటే బోధన్‌లో జనం నవ్వేవాళ్లు. ఇప్పుడు దానికే యాంటిక్ అని పేరు పెట్టి, అద్దాల బీరువాల్లో దీపాల కింద నిలబెట్టి అమ్ముతున్నారు. మొన్న మా కోడలు హైదరాబాద్‌లో అలాంటి పెద్ద షాపుకు నన్ను తీసుకుపోయింది. మూడంతస్తుల నిండా పాత గడియారాలు, ఇత్తడి చెంబులు, ఎవరింటివో పెళ్లి ఫొటోలు. అందులో సగం కొత్తవే, మందు పూసి పాతవి చేసినవి. ఆ మాట పైకే అనేశాను. కోడలు నా చెయ్యి నొక్కి, ఊరుకోమని కళ్లతోనే బతిమాలింది.

నాకీ విద్య మా మేనత్త దగ్గర అబ్బింది. ఆమె బాపుకు అక్క. ఆడపిల్లల బడిలో టీచరు, పెళ్లి చేసుకోకుండా మాతోనే ఉండేది. చీరల మీద, నగల మీద ఆమెకు ఆశ లేదు. పాత సామాను కనిపిస్తే మాత్రం కాలు నిలిచేది కాదు. పక్షానికో ఆదివారం మేమిద్దరం పొద్దున్నే బస్సెక్కి నిజామాబాద్ పోయేవాళ్లం. దారి పొడవునా ఫ్యాక్టరీకి పోయే చెరకు బండ్లు అడ్డం వచ్చేవి. బస్సు ఆగినప్పుడల్లా అత్తమ్మ, మనకంటే ముందు ఎవరో పోయి మంచివన్నీ ఏరుకుంటున్నారని గింజుకునేది.

అక్కడ పాత సామాన్ల అంగడిలో గోనె సంచులు పరిచి అన్నీ వాటి మీద కుప్పపోసేవాళ్లు. కూలిపోయిన గడీల నుంచి, చితికిపోయిన పాత ఇళ్ల నుంచి వచ్చిన సామాను అది. రంగు గాజుల దీపాలు, పూల చీనీ పింగాణీ పళ్లేలు, మూత లేని అత్తరు సీసాలు, కాలు విరిగిన కుర్చీలు. అత్తమ్మకు ఒక పద్ధతి ఉండేది. కావలసిన వస్తువును ముందు ముట్టుకునేది కాదు. దాని పక్కదాన్ని తీసి అటూ ఇటూ తిప్పి, పెదవి విరిచి పెట్టేసేది. లేచిపోయే ముందు, పోనీ అన్నట్టు అసలుదాన్ని చేతిలోకి తీసుకుని అడుగు చూసేది. వస్తువు ముఖం అబద్ధం చెప్పినా అడుగు చెప్పదని ఆమె నమ్మకం.

తెచ్చినవాటిని తోమడం నా పని. దొరికేది ఎక్కువగా ఇత్తడి, ఏళ్ల తరబడి మూలన పడి బొగ్గులా నల్లబడ్డది. బావి దగ్గర కూర్చుని చింతపండు, బూడిద, కొబ్బరి పీచు పెట్టి రుద్దుతుంటే నలుపు కరిగి కింద నుంచి బంగారు రంగు తేలేది. అది చూడటానికి వాడకట్టు పిల్లలంతా చుట్టూ చేరేవాళ్లు. పండుగకు బోళ్లు తోమడానికి ఏడ్చే పిల్లనే, ఈ పనికి మాత్రం లంగా ఎగదోపేదాన్ని. చేతులు పగిలినా సరే, ఆ మెరుపు నేనే తెచ్చానని గర్వంగా ఉండేది.

మా పక్కింట్లో ఒక ముసలావిడ ఉండేది. మా వాడకట్టు పిల్లలందరికీ ఆమె నానీ. ఆమె మనవరాలిని నేను అక్క అన్నట్టు ఆపా అనేదాన్ని. తల్లి లేని పిల్ల, నానీయే పెంచింది. ఒకప్పుడు వాళ్లది బాగా బతికిన ఇల్లు. నానీ భర్త, మా అందరికీ నానా, మంచం పట్టిన ఏడాది ఇంట్లో సామాను ఒక్కొక్కటే గడప దాటిపోయింది. పోయినవాటిలో దేని గురించీ నానీ మాట్లాడేది కాదు, ఒక్క పాన్‌దాన్ గురించి తప్ప. తమలపాకులు, వక్కలు, సున్నం పెట్టుకునే గుండ్రటి డబ్బా అది. మూత మీద వెండి తీగ అల్లుకుని ఉండేదట. తీగ చివర ఒక ఆకులో వెండి రాలిపోయి చిన్న గుంట మిగిలిందట. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆమె బొటనవేలు ఒట్టి గాలిలోనే ఆ గుంటను తడుముతుండేది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఆపాకు నికా కుదిరింది. వాళ్లింట్లో పెళ్లికూతురికి మొదటి పాన్ ఇంటి పెద్దామె తన పాన్‌దాన్ లోంచి తీసి చుట్టి ఇవ్వాలి. నానీ వాళ్లనూ వీళ్లనూ అడిగి తెచ్చుకోవచ్చు. కానీ అరువు డబ్బాతో బిడ్డను ఎట్లా పంపాలె అని ఒకరోజు మా అత్తమ్మ ముందు ఆమె కళ్లు తుడుచుకుంది. అప్పటికే ఆ కళ్లు మసకబారాయి. ఆ రోజు నుంచి అత్తమ్మ వేరే దేన్నీ వెతకలేదు. పక్షానికోసారి పోయేవాళ్లం వారం వారం పోసాగాం. ప్రతి కుప్పలో చెయ్యి పెట్టి, డబ్బా అనిపించిన ప్రతిదాని మూతా ఆమె వేలితో తడిమి చూసేది. అంగడి వాళ్లు మాకు పేర్లు పెట్టడం కూడా మొదలుపెట్టారు.

నికా శుక్రవారం అనగా, ముందు ఆదివారం దొరికింది. ఒక ముసలి చాచా దుకాణంలో, తుప్పు పట్టిన తాళాల కింద. అత్తమ్మ దాన్ని తీసి మూత మీద బొటనవేలు రాసింది. వేలు ఒక చోట ఆగిపోయింది. తన పద్ధతులన్నీ మరిచిపోయి అక్కడే డబ్బాను గుండెకు హత్తుకుంది. బేరం చేయాలన్న సోయి కూడా లేదు. చాచా ఆమెను చూసి, ఎవరిదమ్మా అని మాత్రం అడిగాడు. సంగతి విన్నాక దాన్ని తనే తుడిచి గుడ్డలో చుట్టి ఇచ్చాడు.

నికా రోజు పొద్దున నానీ చేతిలో పెట్టి ఆశ్చర్యపరచాలని అత్తమ్మ ఆలోచన. అందుకని పాన్‌దాన్‌ను మా ఇంట్లోనే పెట్టెలో దాచింది. గురువారం నాకు బడి లేదు. అత్తమ్మ తన బడికి పోయింది, అమ్మ పసుపు ఏరడానికి పోయింది. పెట్టె తీసి చూశాను. వెండి తీగ తప్ప డబ్బా అంతా నల్లగా ఉంది. పెళ్లికి అట్లాగే ఎట్లా ఇస్తారు? అత్తమ్మకు తీరిక లేక మరిచిపోయిందనుకున్నాను. తను వచ్చేసరికి మెరిపించి పెడితే నన్ను ఎత్తుకుని ముద్దు పెట్టుకుంటుందనుకున్నాను. అది నల్లగానే ఉంటుందని, ఉండాలని నాతో ఎవరూ అనలేదు. వాళ్లకు అది చెప్పాల్సిన సంగతి కాదు మరి.

చింతపండు నానబెట్టాను. బూడిద జల్లించాను. రుద్దుతుంటే నలుపు నీళ్లలా కారిపోయింది. ఎంత సంతోషపడ్డానో. ఇంకా రుద్దాను. కానీ ఈసారి కింద నుంచి బంగారు రంగు రాలేదు. సత్తు గిన్నెలాంటి వెలిసిన తెలుపు వచ్చింది. దానితో పాటు తీగ మాయమైంది. ఆకులు లేవు, పూలు లేవు. వెలుగుకు అడ్డంగా పెట్టి చూస్తే ఎక్కడో సన్నగా ఒక గీత కనిపించి మళ్లీ పోతోంది. పీచు నా చేతిలోంచి జారిపోయింది.

సాయంత్రం అత్తమ్మ వచ్చి చూసి బావి గట్టు మీద కూలబడింది. నన్ను కొడుతుందని ఎదురుచూశాను. కొడితే బాగుండేది. ఆమె చాలాసేపు డబ్బాను తిప్పి తిప్పి చూసి, బీదర్ పని అంటే ఇదేనని నాకు చెప్పింది. లోహాన్ని ప్రత్యేకంగా నల్లబరిచి, ఆ నలుపులోనే వెండి తీగను చూపిస్తారట. ఆ నలుపు వేయడానికి అక్కడి పాత కోట మట్టి కావాలట. ఆ మట్టిని నాలుక మీద వేసుకుని రుచి చూసి ఏరుకునే పనివాళ్లు ఉంటారట. చెప్పకపోవడం నాదే తప్పు అంది. తర్వాత నా మొహం కడిగి, జడ సరిచేసి, డబ్బా నా చేతికే ఇచ్చింది. పోయి నువ్వే చెప్పాలె అంది. పక్కిల్లే, పది అడుగులు కూడా ఉండదు. ఆ పది అడుగులు నడవడానికి నాకు ప్రాణం మీదికి వచ్చింది.

నానీ వాకిట్లో పీట మీద కూర్చుని వక్కలు కత్తిరిస్తోంది. పక్కన ఆపా గోరింటాకు చేతులు చాచుకుని ఉంది. డబ్బా ఆమె ఒళ్లో పెట్టాను. ఆమె రెండు చేతులతో దాన్ని పట్టుకుంది. వేలు మూత మీద తిరిగి తిరిగి గుంట దగ్గర ఆగింది. ఒక్క క్షణం ఆమె ముఖం ఎట్లా వెలిగిందో నేనిప్పటికీ చెప్పలేను. తర్వాత డబ్బాను కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. వెలుతురు వైపు తిప్పింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. చింతపండు వాసన ఇంకా పోలేదు. నేను వెక్కి వెక్కి ఏడుస్తూ నేనే తోమానని, మెరుస్తుందనుకున్నానని ఏదేదో చెప్పాను.

నానీ డబ్బాను మెల్లగా పీట పక్కన పెట్టింది. తర్వాత నన్ను దగ్గరికి లాక్కుని కొంగుతో ముక్కు తుడిచింది.

"నీ అంత ఉన్నప్పుడు నేను గూడ గిదే పని చేసిన, బేటీ. మా అమ్మీ లేంది సూసి, గిదే డబ్బను బూడిద వెట్టి రుద్దిన. తెల్లగైపోయింది. అమ్మీ వచ్చి సూసి నవ్విందే గాని ఒక్క మాట అనలే. వాడంగ వాడంగ మల్ల అదే నల్లగైంది. డబ్బకేం గాలే, నాకేం గాలే."

నేను ఏడుపు ఆపి ఆమె ముఖంలోకి చూశాను. నిజమా అని అడిగాను. నిజమే అంది. వక్కల పళ్లెంలోంచి పటిక బెల్లం ముక్క తీసి నా నోట్లో పెట్టింది. నానీ అంతటామె చేసిన పనే నేనూ చేశానంటే అదేమంత పెద్ద తప్పు కాదనిపించింది. ఇంటికి గంతులేసుకుంటూ పోయాను.

మర్నాడు నికాకు వచ్చిన ఆడవాళ్లు డబ్బాను చూడగానే గుర్తుపట్టారు. నానీ ఆడబిడ్డ ఒకామె దాన్ని చేతిలోకి తీసుకుని, ఎవరు చేసిండ్రు ఈ పాడుపని అని గట్టిగానే అడిగింది. నేను అత్తమ్మ వెనక్కి జరిగాను. నేనే తోమించిన, పెండ్లింట్ల నల్లది ఎందుకని, అంది నానీ తల కూడా ఎత్తకుండా. ముసలితనానికి మతి పోయిందని వాళ్లంతా నవ్వారు. ఆమె కూడా వాళ్లతో కలిసి నవ్వింది. ఆపాకు మొదటి పాన్ ఆ డబ్బా లోంచే చుట్టి ఇచ్చింది.

బీదర్ పంపి మళ్లీ నలుపు వేయిస్తానని నిజామాబాద్ చాచా సంగతి తెలిసి తర్వాత కబురు పెట్టాడు. నానీ ఒప్పుకోలేదు. ఒక్కసారి గడప దాటింది సాలు అంది. రోజూ కాస్త కొబ్బరి నూనె రాసి వాడుకుంది. కొన్నేళ్లకు అది పొగ రంగుకు తిరిగింది. తీగ లీలగా కనిపించసాగింది. పాత నలుపు మాత్రం రాలేదు. నేను మాత్రం చూడండి, నానీ అన్నట్టే నల్లబడుతోందని అందరికీ చెప్పేదాన్ని.

నానీ పోయిన చాలా ఏళ్లకు, నేనూ టీచరునై రిటైరయ్యే వయసులో ఉండగా, నిజామాబాద్‌లో ఆపా ఇంటికి పోయాను. ఆపాకు తల నెరిసింది. గూట్లో పాన్‌దాన్ ఉంది. దాన్ని చూసి నాకు మాట ఆగలేదు. నానీ కూడా చిన్నప్పుడు దీన్ని బూడిదతో తోమిందట కదా అని నవ్వుతూ చెప్పాను. ఆపా నవ్వలేదు. డబ్బాను తీసి బోర్లించింది. అడుగున ఉర్దూలో ఏవో అక్షరాలు చెక్కి ఉన్నాయి. నానీ పేరు, నానా పేరు అని చదివి వినిపించింది.

"ఇది వాళ్ల నికాకు చేయించింది. నీ అంతప్పుడు నానీకి ఇది యాడిది? నువ్వు ఇంటికి పోయినంక తలుపు దగ్గరికేసి, దీన్ని ఒళ్లె వెట్టుకొని శానా సేపు ఏడ్చింది. నేను పక్కనే ఉన్న. ఎవ్వరికి చెప్పకు, ముందుగాల ఆ పిల్లకు చెప్పకు అన్నది."

ఆ మాట విని నాకు సిగ్గేసింది. అంత దుఃఖాన్ని మింగి, నా ఏడుపు ఆపడానికి అప్పటికప్పుడు ఒక కథ అల్లిందా ముసలామె. అందులో తనను తొమ్మిదేళ్ల పిల్లను చేసుకుంది. లేని తల్లి నవ్వును కూడా కల్పించింది. ఆపా ఇంట్లో కూర్చుని, ఆ వయసులో, చిన్నపిల్లలా ఏడ్చాను. నానీ బతికుండగా తెలిసుంటే కాళ్ల మీద పడేదాన్ని.

ఇప్పుడు మనవలు ఇంటికి వస్తే ఏదో ఒకటి పగులుతూనే ఉంటుంది. పోయినేడు పెద్ద మనవరాలు, అత్తమ్మ గుర్తుగా మిగిలిన ఒకే ఒక్క చీనీ పళ్లేన్ని కింద పడేసి, గోడకు కరుచుకుపోయి నిలబడింది. నీ అంత ఉన్నప్పుడు నేనూ గిట్లనే పగలగొట్టిన బిడ్డా అని చెప్పాను. నేనెన్నడూ పళ్లెం పగలగొట్టలేదు. పిల్ల ముఖం తేరుకుంది, కాసేపటికి ఆటలో పడిపోయింది. అప్పుడు తలుపు దగ్గరికేసుకుని, ముక్కలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.