కెమెరా కంటికి పెట్టిన బొట్టు

గద్వాలలో నేను ఫోటోలు తీసే రోజుల్లో నాకు తెలిసిన విద్య ఒక్కటే: ఎదుటివాళ్లను కదలకుండా కూర్చోబెట్టడం. తారాజువ్వకు ఆ మాట చెప్పలేం. అయినా దసరాకు జువ్వల ఫోటో తీస్తానని ఒప్పుకున్నాను. అడిగింది మా వీధిలో బాణసంచా చేసే ముసలాయన. వరస లేకపోయినా మామా అని పిలిచేవాణ్ణి.

"నలభై ఏండ్ల సంది కాలుస్తున్న. ఒక్కటి గూడ పైన సూడలే, అల్లుడా," అన్నాడు.

నిజమే. ఒక జువ్వ లేవగానే ఆయన వంగి రెండోదాని వత్తి వెతుక్కునేవాడు. జనమంతా పైకి చూస్తుంటే ఆయన నేల చూసేవాడు. ఇప్పుడు కళ్లలో పొర మొదలైంది. చూపు ఉండగానే తను చేసింది చూసుకోవాలని ఆశ.

యుద్ధంతో సరుకు రావడం ఆగిన రోజులు. నా దగ్గర ఫోటో పడే గాజు ప్లేట్లు రెండే మిగిలాయి. ఒకటి సాధనకు పోయింది. పొద్దుగూకాక పెరట్లో మా అమ్మ ఊదుబత్తుల కట్ట అంటించి గాలిలో సున్నాలు చుట్టింది. నేను లెన్సు మూత తీసి, ఆమె ఆగినప్పుడల్లా నా నల్లటోపీ అడ్డం పెట్టాను. ప్లేటు మీద మూడు సున్నాలు పడ్డాయి. అమ్మ పడలేదు. అంత కష్టపడ్డా తన బొమ్మ రాలేదని రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

జువ్వలు పేలే దూరానికి లెన్సు ముందురోజే సరిచూసి పెట్టుకున్నాను. దసరా నాడు చీకటి పడగానే మైదానంలో మూత తీశాను. జువ్వ లేస్తే టోపీ తీయడం, ఆరితే పెట్టడం. ఒకే ప్లేటు మీద ఐదు జువ్వలు పట్టి, నా అంత మొనగాడు లేడనుకున్నాను.

ప్లేటు కడిగి చూస్తే ప్రతి వెలుగు చుట్టూ దూది అంటినట్టు మసక. లెన్సు చూశాను. నూనెతో తడిపిన కుంకుమ. దసరా పొద్దున ఆయుధపూజలో అమ్మ కత్తిపీటకూ ఇసుర్రాయికీ బొట్లు పెట్టి, కెమెరా దగ్గరికి వచ్చి, మూత తీసి అద్దానికి పెట్టి, మళ్లీ మూసింది.

"మూతకు బొట్టు పెడితే మూతకే మొక్కినట్టయితది గద," అంది. ఒళ్లు మండింది.

మామకు ఆ ఫోటోనే ఇచ్చాను. ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు, దూరం పెట్టాడు. మెల్లగా అడిగాడు.

"గీ మసక బొమ్మదా, నా కండ్లదా?"

బొమ్మదేనని, బొట్టు సంగతంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన ముఖం విప్పారింది.

"అయితే నా కండ్లు ఇంక మంచిగనే ఉన్నయన్నట్టు," అన్నాడు.

ఫోటో చెడిపోయినందుకు నేను సంతోషించింది ఆ ఒక్కసారే.

మరుసటి దసరాకు మామ కళ్లలో పొర ముదిరింది; వత్తులు ఆయన కొడుకు అంటించాడు. వంగే పని లేక మామ నా పక్కన కూర్చుని, తల ఎత్తి ఆకాశం వైపే చూశాడు. ప్రతి జువ్వ పేలగానే నా చెయ్యి పట్టుకుని, "ఎట్లున్నది?" అని అడిగాడు. అన్నీ అయిపోయేదాకా చెబుతూ కూర్చున్నాను.