చిన్నాన్న కట్టిన ముడి

నా చిన్నప్పుడు మా ఊరి కాలవలో ఇంకా సరుకు పడవలు నడిచేవి. మా చిన్నాన్న ఇంటి పెంకులు మోసే ఒక పడవ మీద పొడవాటి వెదురు గెడ వేసేవాడు. గట్టు మీంచి తాడు పట్టి లాగినా, నీళ్లలో గెడ పోటు వేసినా ఆయన తర్వాతే ఎవరైనా అనేవారు. నాకప్పుడు ఎనిమిదేళ్లు, ఒక్కచోట కుదురుగా ఉండని పిల్లని.

ఒక ఉదయం ఆ పడవ నిండా పెంకులతో మా రేవులో ఆగింది. చిన్నాన్న తాడు వదులు చేసి, "దీన్ని కదుపుతావేంటే?" అని నవ్వాడు. మోకాలి లోతు నీళ్లలో దిగి చేతులతో గుద్దాను, భుజంతో పొడిచాను. నా ఒళ్లే నొప్పెట్టింది. "గుద్దితే కదలదమ్మా. ఆనుకుని నెడుతూనే ఉండు, వదలకు" అన్నాడు. అలాగే చేశాను. ఎంతసేపటికో ఆ కొండంత పడవ బెత్తెడు జరిగింది, తర్వాత జానెడు. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఆయన పడవని వెనక్కి లాగి, గుంజకి గట్టిగా కట్టి, చద్దన్నం తినడానికి గట్టు మీద కూర్చున్నాడు.

నేను ఊరుకుంటానా! ఆయన అటు తిరగ్గానే ముడి లాగేసి మళ్లీ నెట్టాను. ఈసారి పడవ ఎదురుగా ఉన్న వంతెన రాతిగోడ వైపు జరుగుతూనే పోయింది. గేదె నడక కంటే నెమ్మది. కదిపింది నేనే కదా, ఆపడమెంత అనుకున్నాను. నీళ్లలో పరుగెత్తి ముందుకెళ్లి, గోడకి వీపు ఆనించి రెండు చేతులూ చాచాను. పడవ నన్ను లెక్కచెయ్యలేదు. అంతే నెమ్మదిగా మీదికొచ్చేసింది. చిన్నాన్న గిన్నె వదిలేసి దూకి, జుట్టు పట్టి నన్ను అవతలికి లాగాడు. ఆయన కుడిచెయ్యి గోడకీ పడవకీ మధ్య ఉండిపోయింది.

నాలుగు వేళ్లు పోయాయి. "తాడు నేనే సరిగా కట్టలేదండి" అన్నాడు పడవ యజమానితో, నా వైపు చూడకుండా. పడవవాడికి అంతకన్నా అప్రదిష్ట లేదు. ఎడమచేత్తోనైనా చుక్కాని పట్టుకోగలిగేవాడు. కానీ ఆ మాట విన్నాక ఆయన్ని మళ్లీ ఎవరూ పడవ ఎక్కనివ్వలేదు. ముడి వెయ్యడం రాదని రేవులో పిల్లలు కూడా ఏడిపించేవారు. నేను వింటూ తల దించుకుని పోయేదాన్ని. మొదట దెబ్బలకి భయపడ్డాను, తర్వాత సిగ్గుపడ్డాను.

పెద్దయ్యాక సైన్సు టీచర్నయ్యాను, చూడండి నా భాగ్యం! బరువైనది నెమ్మదిగా వచ్చినా ఆపడానికి ఎంత బలం, ఎంతసేపు కావాలో ఏటా బోర్డు మీద చేసి చూపించాను. ఉదాహరణకి లారీ అనేదాన్ని, రైలు అనేదాన్ని. పడవ పేరు ఒక్కసారీ ఎత్తలేదు.

మొన్నీమధ్యే చిన్నాన్న పోయాడు. పెద్దకర్మ నాడు భోజనాల దగ్గర ఒక పెద్దాయన, "మంచివాడండి పాపం. ముడి సరిగా వెయ్యక చెయ్యి పోగొట్టుకున్నాడు" అన్నాడు. అది చాలా మంచి ముడి, విప్పింది నేను అని చెప్పాలి. నన్ను కొట్టేవాళ్లెవరూ ఇప్పుడు లేరు. అయినా వడ్డించేవాణ్ణి పిలిచి పప్పు వేయించుకున్నాను. పడవ కదిపిన ఆ రోజు నుంచి నాతో మిగిలింది ఈ పిరికితనమే. ముడి విప్పిన చేత్తోనే పప్పన్నం కలుపుకుని తిన్నాను.