తెర మీద పెదవులు చెదిరిపోయిన మధ్యాహ్నం

సహోదరులారా, సహోదరీలారా, ఈ రోజు నేను మీ ముందు నిలబడి మాట్లాడుతున్నానంటే అది కేవలం దేవుని కృప. కడుపుతో ఉన్న చివరి నెలల్లో ఈ కాళ్ళు ఏ చెప్పుల్లోనూ పట్టేవి కావు! నా పేరు సునీత, మాది వెంగళరావు నగర్, ఫిల్మ్‌నగర్‌లో సినిమాలకు డబ్బింగ్ చెబుతాను, మీరు తెర మీద చూసే కొందరు హీరోయిన్ల గొంతు నాదే.

ఆ నెలల్లో నేను పడిన అవస్థ ఏమని చెప్పను. రెండు ముద్దలు తింటే గుండెల్లో మంట, పడుకుంటే నడుంనొప్పి, ఏ పక్కకు తిరిగినా నిద్ర రాదు, బిడ్డ పైకి తంతుంటే ఊపిరి చాలక డైలాగు మధ్యలోనే ఆగిపోయేదాన్ని, టేకు వదిలేసి బాత్రూంకి పోయేదాన్ని, పాపం మా డబ్బింగ్ థియేటర్‌లో వాళ్ళు నవ్వి ఊరుకునేవారు. అప్పుడప్పుడు పొట్ట రాయిలా గట్టిపడి వదిలేసేది. ఇవన్నీ మామూలేనమ్మా అంది డాక్టరమ్మ, మా అత్తయ్యదీ అదే మాట. ఇక నేను ఏది వచ్చినా మామూలే అనుకున్నాను. పైగా సినిమాల్లో కాన్పు నొప్పుల అరుపులు ఎన్ని అరిచానో! ప్రమాదమంటే నొప్పితోనే వస్తుంది, అప్పుడు చూసుకుందాంలే అని నా ధీమా. అందుకే ముఖం ఉబ్బినా, ఉంగరం వేలికి బిగుసుకున్నా, తల పగిలిపోతున్నా ఎవరికీ చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం మైకు ముందు నిలబడ్డాను. తెర మీద హీరోయిన్ మాట్లాడుతోంది, ఆమె పెదవులు మాత్రం నాకు నీళ్ళలో చూసినట్టు చెదిరిపోతున్నాయి. ఆమె నోరు మూసుకున్నాక నేను మాట మొదలుపెడుతున్నాను. అద్దం అవతల నుంచి మా సౌండ్ ఇంజినీరు యాదగిరి, "అక్కా, నువ్వు గిట్ల ఎన్నడూ తప్పలే, ఏమైతుంది నీకు?" అన్నాడు. పెదవులు కనపడటం లేదు తమ్ముడూ అన్నాను. అతను వెంటనే రికార్డింగ్ ఆపించి మా ఆయనకు ఫోన్ చేశాడు. మా ఆయన జూబ్లీ హిల్స్‌లో ఒక నిర్మాతగారి దగ్గర డ్రైవరు, అయ్యగారిని అడిగి ఆ కారులోనే నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

బీపీ చూడగానే డాక్టరమ్మ ముఖం మారిపోయింది. కాళ్ళ వాపు సంగతి వేరు, ముఖం ఉబ్బి, తలనొప్పి వచ్చి, చూపు మసకబారితే అది మామూలు కాదని, నెలలు నిండకపోయినా వెంటనే ఆపరేషన్ చేసి బిడ్డను తీయాలని, ఆలస్యమైతే ఇద్దరికీ ముప్పని చెప్పింది. మా ఆయన ఆపరేషన్ కాగితాల మీద సంతకం పెట్టాడు. నన్ను లోపలికి తీసుకెళ్తుంటే ప్రార్థించాను. "తండ్రీ, నా బిడ్డ గొంతు నాకు వినిపించు. నేనేమైపోయినా ఫర్వాలేదని నేననను ప్రభువా, దానికి అమ్మ కావాలి, నన్నూ ఉంచు."

బిడ్డను తీశారు, ఏడుపు లేదు. యేసయ్యా, యేసయ్యా అనడం తప్ప నాకింకేమీ తోచలేదు. అంతలో పిల్లికూన కూసినట్టు సన్నగా ఒక ఏడుపు! దేవునికే మహిమ! నా గుండెల మీద బండ దించినట్టయింది సహోదరులారా. పాపను కొన్నాళ్ళు అద్దాల పెట్టెలో ఉంచారు, నా బీపీ దిగడానికీ సమయం పట్టింది, కానీ దేవుడు మా ఇద్దరినీ ఇంటికి చేర్చాడు. ఇంటికొచ్చిన రోజు అత్తయ్య పెట్టిన చారన్నం కడుపునిండా తిన్నాను, మంట లేదు, ఆయాసం లేదు, ఆ కంచం ముందే కూర్చుని హాయిగా ఏడ్చాను.

ఆ డాక్టరమ్మ చేతులను వాడుకున్నది నా దేవుడే, నా తమ్ముడిలాంటి యాదగిరి చేత ఆ ప్రశ్న అడిగించిందీ ఆయనే. కడుపుతో ఉన్న చెల్లెళ్ళారా, మీ ఒంట్లో ఏది కొత్తగా అనిపించినా దాచుకోకండి, దేవునికీ చెప్పండి, డాక్టరుకీ చెప్పండి. భయంగా ఉంటే ఆరాధన అయ్యాక నా దగ్గరకు రండి, ప్రార్థన చేసుకుని ఇద్దరం కలిసే ఆసుపత్రికి వెళ్దాం. వెనక వరసలో అత్తయ్య ఒడిలో మా పాప ఉంది. మధ్యలో అది ఏడిస్తే ఎవరూ విసుక్కోకండి, ఆ ఏడుపు నేను అడిగి తెచ్చుకున్నది.