కార్డుకు సంబంధం చూసిన అనసూయమ్మ

అత్త అల్లుడితో నేరుగా మాట్లాడకపోవడం మర్యాదా, మొహమాటమా, లేక ఇద్దరికీ సుఖమైన ఏర్పాటా? ఎంత ఆలోచించినా ఇప్పటికీ తేలని ప్రశ్న ఇది. అనసూయమ్మ దీన్ని అసలు ప్రశ్నగానే ఒప్పుకోదు. “మాట్లాడేదానికి ఏముంటాది? ఆయన అల్లుడు, నేను అత్త” అంటుంది. అక్కడితో సరి.

ఆమెది ప్రొద్దుటూరు. గచ్చిబౌలిలో కూతురు తేజస్విని దగ్గర ఉంటుంది. కూతురూ అల్లుడూ ఇద్దరూ సాఫ్ట్‌వేరు ఉద్యోగాలే. అల్లుడు హేమంత్ ఎదురుపడితే ఆమె కొంగు సర్దుకుని గోడవైపు తిరిగిపోతుంది. ఆయనకు ఏం కావాలన్నా, ఏం వద్దన్నా కూతురి నోటి మీదుగానే రావాలి.

“తేజూ, ఆయనకు ఇంకో గరిటె పులుసు ఎయ్యమంటావా?” అని వంటింటి గడపలోంచి అడుగుతుంది.

“చాలని చెప్పు” అంటాడు టేబుల్ దగ్గర హేమంత్. ఆమె చెయ్యి చాపితే అతని కంచం అందుతుంది.

తేజస్విని ఇంటినుంచి పని చేస్తున్న రోజైతే లాప్‌టాప్ ముందునుంచే “చాలంట” అని కేక వేస్తుంది. ఒకసారి మైకు ఆపడం మరిచిపోయింది. పులుసు చాలన్న సంగతి ఆ మీటింగులో ఉన్న మేనేజరుకూ, క్లయింటుకూ కూడా తెలిసిపోయింది.

ప్రొద్దుటూరులో ఉన్నన్నాళ్ళూ అనసూయమ్మ పెళ్ళి సంబంధాలు కుదిర్చేది. డబ్బుకు కాదు, ఉండబట్టలేక. పిల్లవాడి ఫొటో తెచ్చిస్తే దాన్ని బోర్లా పెట్టి, వాళ్ళ వీధికి తనే పోయేది. అక్కడి బండి దగ్గర కొత్తిమీర బేరం చేస్తూ ఇరుగుపొరుగును కదిలించేది. పిల్లవాడు పొద్దున ఎన్నింటికి లేస్తాడు, తల్లిని ఏమని పిలుస్తాడు, చేబదుళ్ళు తిరిగిస్తాడా, అన్నీ కొత్తిమీర కట్టతో పాటు కట్టుకొచ్చేది. “నా మాట మింద చేసుకోండి” అని ఆమె చెప్పిన సంబంధం ఒక్కటైనా తిరిగొచ్చి ఆమె గడప ముందు ఏడవలేదు. ఆమె తనదని చెప్పుకునే ఆస్తి ఆ మాటొక్కటే. హైదరాబాదు వచ్చాక ఆ పనంతా ఫోన్లే చేస్తున్నాయని తెలిసి, తన విద్యను పెట్టెలో పెట్టి మూతేసింది.

ఆ మూత తెరిపించింది అల్లుడి పిచ్చి.

హేమంత్ చిన్నప్పుడు అంగళ్ళలో బబుల్‌గమ్ పొట్లాలతో పాటు కుస్తీవీరుల కార్డులు వచ్చేవి. ఒక్కో కార్డు మీద కండలు తిరిగిన మనిషి బొమ్మ, కింద అతని ఎత్తు, బరువు, ఛాతీ కొలత. ఎవరి కార్డు మీద కొలత ఎక్కువుంటే వాళ్ళదే ఆట, ఆ ఛాతీ కొలతల కోసం బడిలో పిల్లలు చొక్కాలు చింపుకునేవాళ్ళు. పెద్దయ్యాక అందరూ పారేశారు. హేమంత్ మాత్రం దాచుకున్నాడు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ముక్కూమొహం తెలియనివాళ్ళతో ఒకటిచ్చి ఒకటి పుచ్చుకుంటూ వరస పూర్తిచేస్తున్నాడు. ‘నల్లడేగ’ అనే కార్డు ఒక్కటే తక్కువ. దానికి బదులుగా ఇవ్వదగ్గది అతని దగ్గర ఒక్కటే ఉంది, బంగారు అంచున్న ‘ఉరుములరాజు’. అది వాళ్ళ నాన్న తిరునాళ్ళలో కొనిచ్చిన పొట్లంలో వచ్చింది. ఇస్తే వరస పూర్తవుతుంది, కానీ మనసొప్పదు. అలా ఏడాదిపాటు ఊగిసలాడాడు.

అపరిచితులతో బేరం కాబట్టి అతనికి కొన్ని పట్టింపులు ఉండేవి. ఒకరోజు అన్నం తింటూ భార్యకు చెబుతున్నాడు. “ముందు వీడియోలో కార్డు చూపించమంటా. పక్కన ఆరోజు తేదీ రాసిన కాగితం పెట్టాలి. ఇంటి అడ్రసు ఇవ్వను. నలుగురు తిరిగేచోటే కలుస్తా. నాది ముందు పంపమంటే మాత్రం, దండం పెట్టేసి వచ్చేస్తా.”

గడపలో నిలబడి విన్న అనసూయమ్మకు ఒళ్ళు పులకరించింది. “తేజూ, ఇది సంబంధం చూసినట్లే గదమ్మా! పిల్లను కండ్లారా చూడకుండా తాంబూలాలు పుచ్చుకుంటారా ఎవరైనా? ఆయన శానా తెలివైనోడు.”

“విన్నావా? తెలివైనవాడివంట” అంది తేజస్విని.

“థాంక్స్ చెప్పు” అన్నాడు హేమంత్.

ఆ తర్వాత మాదాపూర్ మాల్‌లోని ఫుడ్ కోర్టులో ఎవరిని కలవాల్సి వచ్చినా ఆమెను కూడా తీసుకుపోయేవాడు. ముందు సీట్లో భార్యాభర్తలు, వెనక సీట్లో ఆమె. అక్కడ ఆమె పక్క టేబుల్ దగ్గర కాఫీ పెట్టుకుని, ఎవరో పెద్దావిడలా కూర్చునేది. వచ్చినవాడి చేతులు, చూపులు, చెప్పులు గమనించేది. నచ్చకపోతే ఒక దగ్గు దగ్గేది. హేమంత్ వెంటనే “ఇంకోసారి చూద్దాం బ్రో” అని లేచేవాడు. ఆమె దగ్గు తప్పని తేలిన సందర్భం కూడా ఉంది. పాపం, ఒక పిల్లవాడు చెప్పు తెగి కాలు ఈడుస్తూ వచ్చాడు, ఆమె దాన్ని దొంగనడక అనుకుంది. అయినా హేమంత్ ఆ దగ్గును ఒక్కసారీ కాదనలేదు.

అట్లా ఉండగా రామబ్రహ్మం అనే అతను ఫోన్ చేశాడు. హేమంత్ స్పీకర్ పెట్టాడు.

“నమస్తే అండి హేమంత్‌గారూ. నల్లడేగ నా దగ్గరుందండి. కాకపోతే బెంగళూరులో ఉంటానండి, కలవడం కుదరదండి.”

“వీడియోలో చూపిస్తారా?”

“కెమెరా పాడైందండి. మీది ముందు పంపించేయండి, అందిన రోజే నాది పంపించేస్తానండి.”

హేమంత్ భార్యవైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ఇంకొక్క క్షణమైతే ఫోను పెట్టేసేవాడే. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి అనసూయమ్మ గట్టిగా అడిగింది. “ఫోను ఎవురిది తేజూ? పొద్దుటూరు నుంచి నీలమ్మనా?”

వెంటనే అవతల గొంతు మారింది. “పొద్దుటూరనింది ఎవురన్నా? మాదీ పొద్దుటూరే!”

అనసూయమ్మ గరిటెతో సహా బయటికొచ్చింది. పరాయివాళ్ళతో మాట్లాడటానికి ఆమెకు ఏ అడ్డూ లేదు. “నిజమా నాయనా? యా వీధి? బంగారంగళ్ళ కాడనా?”

“ఆడనే పెద్దమ్మా.”

“ఆ ఎనక సందా?”

“ఆ సందే.”

“అయితే పుల్లయ్య నూలంగడి పక్కనుంటారు మీరు!”

“దాని పక్కనే పెద్దమ్మా! మీ మాట వింటాంటే మాయమ్మ మాట్లాడినట్లే ఉండాది.”

ఆమె కళ్ళు తడిశాయి. అడిగిన ప్రశ్నలోనే జవాబు కూడా తనే అందిస్తున్నానని ఆమెకు తట్టలేదు. ఎన్నాళ్ళుగానో అందరూ ‘బ్రో’ అనుకునే ఊళ్ళో ఉండి, ‘పెద్దమ్మా’ అనే పిలుపు వింటే ఎవరికైనా తట్టదు. “తేజూ, మనూరి పిల్లోడు. నా మాట మింద పంపియ్యమని చెప్పు” అంది.

నేరుగా మాట్లాడని మనిషికి కాదని చెప్పడం ఎలాగో హేమంత్‌కు తెలియదు. “రేపు ఆఫీసు పక్కసందులో కొరియర్‌కిస్తానని చెప్పు” అన్నాడు.

మర్నాడు హేమంత్ కార్డును రెండు గట్టి అట్టల మధ్య పెట్టి, తేమ తగలకుండా చుట్టి, బ్యాగులో వేసుకుని పోయాడు. తేజస్వినిది కూడా ఆరోజు ఆఫీసుకు పోవాల్సిన రోజే. ఇంట్లో ఒక్కతే ఉన్న అనసూయమ్మకు రామబ్రహ్మం గుర్తొచ్చాడు. మంచి మాట, మంచి ఊరు. ఊళ్ళో తన స్నేహితురాలు నీలమ్మకు అన్న కూతురు ఒకతి పెళ్ళికుంది. ఆమె చేతులు ఊరుకోలేదు. నిన్న మాటల మధ్య నంబరు అతనే ఇచ్చి ఉన్నాడు, దానికి ఫోన్ చేసింది.

“నాయనా, నీకు పెండ్లయిందా?”

“యాడ పెద్దమ్మా, ఇంకా కాలే.”

“ఒక పిల్లుండాది. వాళ్ళకు మూడంతస్తుల ఇల్లు. ఒక్కతే కూతురు.”

“మీరు చూసినారంటే నేను చూసినట్లే పెద్దమ్మా.”

ఇంతలో అవతలినుంచి ఒక ఆడగొంతు వినబడింది. “ఏవండీ! చంటోడి పాలు పొంగిపోతున్నాయి, ఆ పొయ్యి కాస్త కట్టేయండి!”

ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టినా అతని మాట స్పష్టంగానే వచ్చింది. “ఆగవే, ఫోన్లో ఉన్నానుగా! అరవకు!” ఆ మాటలో పొద్దుటూరు మచ్చుకైనా లేదు.

“ఎవురు నాయనా ఆయమ్మ?”

“అదా… టీవీ పెద్దమ్మా.”

ఆ టీవీలోంచి ఒక పసిబిడ్డ కూడా ఏడ్చాడు. అనసూయమ్మ ఫోను పెట్టేసింది. కట్టుకున్నదాన్ని టీవీ అన్నవాడు ఇక దేన్ని ఏమని అనడు? నిన్నటి మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. బంగారంగళ్ళన్నది తను. సందన్నది తను. పుల్లయ్యను కూడా తనే చేయిపట్టి తీసుకొచ్చింది. ఇప్పుడు ఆ కార్డు పోతే తన మాట మీదే పోతుంది.

కూతురికి చేస్తే ఎత్తలేదు. మళ్ళీ మళ్ళీ చేసినా అంతే. ఇక మిగిలింది ‘తేజు వాళ్ళాయన’ అనే నంబరు. ఫోనులో ఎక్కించుకోవడమే గానీ ఆమె దాన్ని ఎన్నడూ నొక్కింది లేదు. దేవుడి పటం వైపు చూసి నొక్కింది.

“హలో అత్తమ్మా?” అన్నాడు హేమంత్.

చెవిలోనే అల్లుడి గొంతు పలికేసరికి ఆమె ఠక్కున కట్ చేసింది. అవతల హేమంత్, పొరపాటున తగిలి ఉంటుందనుకుని ఫోను జేబులో పెట్టుకున్నాడు.

ఆమె తాళం వేసి కిందికి దిగింది. గేటు దగ్గర వాచ్‌మన్ నర్సింహ తన పాత మోపెడ్ తుడుచుకుంటున్నాడు.

“నర్సింహా, సైబర్ టవర్స్ కాడికి పోవాల. మా అల్లుని ఆఫీసు పక్క సందు. ఆయన కార్డును దొంగోడి చేతిలో పెడతాండాడు!”

“ఏందమ్మా, ఏటీఎం కార్డా?”

“కాదు. కుస్తీకార్డు.”

నర్సింహకు ఏమీ అర్థం కాలేదు, కానీ ఆమె మొహం చూశాక అడగలేదు. “ఫికర్ జెయ్యకుండ్రి. ఎక్కుండ్రి. జర గట్టిగ పట్టుకోండ్రి” అన్నాడు.

ఆఫీసుల వేళ. రోడ్డంతా కంపెనీ బస్సులు, బైక్ టాక్సీలు. మెడలో ఐడీ కార్డులు వేలాడేసుకున్న పిల్లల మధ్యనుంచి, కొప్పు మీద నిలవని హెల్మెట్టును ఒక చేత్తో, నర్సింహ భుజాన్ని ఇంకో చేత్తో పట్టుకుని అనసూయమ్మ మాదాపూర్ చేరింది. “గీ బండి ఇంత ఉరుకుతదని నాకే తెల్వదమ్మా” అన్నాడు నర్సింహ.

కొరియర్ షాపు కౌంటరు దగ్గర హేమంత్ ఉన్నాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు. కౌంటరు వెనక కళ్యాణి అనే అమ్మాయి అడ్రసు కంప్యూటర్లో కొడుతోంది. అనసూయమ్మ మెట్టు మీద నిలబడి దగ్గింది. వెనకనుంచి ఒక బస్సు హారన్ కొట్టింది. ఇంకాస్త గట్టిగా దగ్గింది. హేమంత్ కదల్లేదు.

“అమ్మా, మంచినీళ్ళు కావాల్నా?” అంది కళ్యాణి, పొట్లానికి చీటీ అంటిస్తూ.

ఇంకో దగ్గు. కళ్యాణి పొట్లం తీసి సంచీ వైపు చెయ్యి చాచింది.

“ఒరేయ్ హేమంతూ! ఇయ్యాకురా!”

షాపులో అందరూ ఆగిపోయారు. హేమంత్ చెవుల్లోంచి తీగలు లాక్కుని తిరిగి చూశాడు. అనసూయమ్మ గొంతు, ఎన్నేళ్ళుగానో కట్టేసి ఉన్నది, ఇక ఆగలేదు.

“వాడు పొద్దుటూరోడు కాదు, ఏమీ కాదు! పెండ్లాన్ని టీవీ అంటాండాడు, బిడ్డను టీవీ అంటాండాడు! రేపు నీ కార్డు గురించి అడిగితే అది కూడా టీవీ అంటాడు! నేనంటే యాస వినేసరికి కరిగిపోతి, ముసిల్దాన్ని. నీకేమొచ్చింది? ముందు పంపనని ఎవురు చెప్పినారు? నువ్వు గాదా? అంత చక్కంగా అనుకున్నోడివి, అత్త చెప్తే మాత్రం బాయిలో దూకుతావా? కాదని ఒక్కమాట అంటే ఏం పోయె?”

“ఎవరితో అనాలి అత్తమ్మా?” అన్నాడు హేమంత్ దీనంగా. “పొద్దున్నించీ తేజు మీటింగులో ఉంది.”

నర్సింహ నవ్వు ఆపుకోలేక బండి వైపు పోయాడు. కళ్యాణి పొట్లం హేమంత్ చేతిలో పెట్టింది. అతను దాన్ని రెండు చేతులతో గుండెకు ఆనించుకున్నాడు. కార్డు పోలేదు. అది చూశాకే అనసూయమ్మకు ఊపిరి తిరిగింది. ఊపిరితో పాటు తను అల్లుడిని ‘ఒరేయ్’ అన్న సంగతి, అదీ వీధిలో, నలుగురి ముందు అన్న సంగతి కూడా తెలిసొచ్చింది. గబగబా కొంగు నెత్తిమీదికి లాక్కుని కళ్యాణివైపు తిరిగింది.

“పాపా, ఆ కార్డు జాగ్రత్తగా బీరువాలో పెట్టుకోమని చెప్పు ఆయనకు.”

కళ్యాణి తెల్లబోయింది. “గిదేందమ్మా? ఆయన గీడనే ఉన్నడు గదా! ఇప్పటిదాంక మస్తు తిడ్తిరి!”

“అట్లాగే పెడతానని చెప్పండి” అన్నాడు హేమంత్, కళ్యాణితోనే. “టీ తాగి పొమ్మని కూడా చెప్పండి.”

“ఓ సార్! మీరు గూడ షురూ చేసిన్రా? నాకు అవతల లైన్ ఉన్నది!”

హేమంత్ పొట్లాన్ని చొక్కా లోపల దోపుకుని పక్క బండి దగ్గరికి పరిగెత్తాడు. ఒక టీలో చక్కెర తక్కువ వెయ్యమన్నాడు. ఆమెకు చక్కెర తక్కువుండాలని అతనికి ఎవరూ చెప్పలేదు, వంటింట్లోంచి విని తెలుసుకున్నదే. రెండు గ్లాసులూ ఒలకకుండా పట్టుకుని వచ్చేసరికి మెట్టు మీద ఎవరూ లేరు. ఆమె అప్పటికే నర్సింహ వెనక ఎక్కి, మొహం అటు తిప్పుకుని కూర్చుంది. బండి కదిలి బస్సుల మధ్యకు పోయింది. పోయొస్తానని ఆమె అతనితో అనలేదు, కళ్యాణితోనూ చెప్పించలేదు.