యాభై ఐదు గింజల తూటా

ఆ రోజుల్లో రంగూన్‌లో పజుండౌంగ్ పేటలోని మా ఇంటికి కరెంటు ఏ వేళకు వస్తుందో చెప్పే పట్టిక ఒకటి ఉండేది కానీ, ఆ పట్టికను కరెంటు ఎప్పుడూ చదివినట్టు కనిపించేది కాదు. నా తెలివితేటలు కూడా ఇంచుమించు అలాగే వచ్చి పోతుండేవి. తేడా ఒక్కటే, కరెంటు పోతే ఇంట్లో అందరికీ తెలిసేది, నా తెలివి పోతే నాకు కూడా తెలిసేది కాదు. ఇరవై రెండేళ్లు. చదువు మధ్యలో ఆగింది, ఇంగ్లీషు మాత్రం ఆగకుండా వచ్చేది. తెలియని సంగతిని తెలిసినట్టు రాయడంలో నన్ను మించినవాళ్లు మూడంతస్తుల మా బిల్డింగులో ఎవరూ లేరు (మిగతావాళ్లు ఏమీ రాసేవాళ్లు కాదన్నది వేరే విషయం).

ఖాళీగా కూర్చుంటే మా చిన్నాన్న నన్ను లత అనే పేటలో తను పనిచేసే బంగారు కొట్టుకు తీసుకుపోయి, గాజు బల్ల వెనక నిలబెడతానని ఏడాదిగా బెదిరిస్తున్నాడు. రోజంతా నిలబడి కొనని వాళ్లకు కూడా నవ్వు ముఖం చూపించాలి. ఆ గండం తప్పించుకోవడానికే ఇంట్లో కూర్చుని రాసే పనులు నెట్‌లో వెతికాను. అమెరికాలో వేటగాళ్ల కోసం ఒక వెబ్‌సైటు నడుపుతున్న పెద్దాయన, పరీక్షగా ఒక వ్యాసం రాసి పంపమన్నాడు. నచ్చితే పని పర్మనెంటు. ఫోటోలో ఆయన తలమీద టోపీ అంచు భుజాల దాకా ఉండేది కాబట్టి మా ఇంట్లో ఆయన పేరు టోపీ తాతగా స్థిరపడింది. ఆయన ఇచ్చిన విషయం ఇది: కయోటీ వేటకు ఏ తూటా మంచిది, దాని మొనలో ఏ గుండు మంచిది.

నేను ఆ క్షణం దాకా కయోటీ అంటే ఒక రకం కాఫీ అనుకున్నాను. అయినా "ఈ విషయంలో నాకు మంచి అనుభవం ఉంది" అని జవాబు రాశాను. తరువాత బొమ్మ చూస్తే అది నక్కకు పెద్దన్నలా ఉంది. కోళ్లనూ గొర్రె పిల్లలనూ ఎత్తుకుపోతుందట. తుపాకీని నేను పోలీసుల భుజాన తప్ప చూసినదాన్ని కాదు, అదీ రోడ్డుకు అవతలి పక్క నుంచి.

నా పరిశోధనకు మొదటి అడ్డంకి మా నానమ్మ. మా తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి రేవులో మూటలు మొయ్యడానికి వచ్చిన కుటుంబం మాది. నానమ్మ రంగూన్‌లోనే పుట్టినా, ఆమె నోట్లో ఆ ఊళ్లు ఇంకా అలాగే ఉన్నాయి. నేను బాల్కనీలో నిలబడి ఫోన్లో స్నేహితురాలితో తూటాల గురించి మాట్లాడుతుంటే ఆమె వెనక నుంచి వచ్చి నా జడ పట్టుకుని లోపలికి లాగింది.

"ఏటే నీ మాటలు? తూటాలంట, గుండ్లంట. పోలీసోలు తిరిగీ ఈ ఊర్లో ఆ మాట ఈదిలో అంటారేటి?"

"నక్కల కోసం నానమ్మా. అమెరికా నక్కలు."

"ఏ నక్కయినా సరే. ఇనీవోడికి నక్క ఇనపడదు, తూటాయే ఇనపడతాది. ఇంకో మాట పెట్టుకో."

ఆలోచించి ఆమే ఆ ఇంకో మాట పెట్టింది: బయాజో (బర్మా వాళ్లు పప్పు రుబ్బి వేయించే వడ, మన మసాలా వడకు దగ్గరి చుట్టం). అప్పటి నుంచి మా ఇంట్లో తూటా బయాజో అయిపోయింది. "పెద్ద బయాజో అయితే తోలు పాడవుతుంది నానమ్మా" అని నేనూ, "అయితే సిన్నదే ఎయ్యి" అని ఆవిడా. ఈ సంభాషణ మూడు రోజులు సాగాక, కింది అంతస్తులో ఉండే బర్మా ఆవిడ (కళ్లద్దాల డా అనేవాళ్లం, బర్మా భాషలో పెద్దావిడలను డా అంటారు) సరుకులు పైకి లాక్కోవడానికి మా బాల్కనీ నుంచి వేలాడే తాడుకు ఖాళీ గిన్నె ఒకటి కట్టి, దాని గంట లాగింది. ఇన్నాళ్లుగా చేస్తున్నారు, మాకు రుచి చూపించరా అని బర్మా భాషలో అడిగింది. నానమ్మ పప్పు నానబోసింది. నా వ్యాసం వల్ల కడుపు నిండినవాళ్లలో ఆవిడే మొదటిది.

ఇక వ్యాసం. నెట్‌లో దొరికిన పేజీలన్నీ అంకెలు, తూటాల పేర్లు కూడా అంకెలే. టూ ట్వంటీ త్రీ, ట్వంటీ టూ టూ ఫిఫ్టీ, టూ ఫార్టీ త్రీ. వాటి పక్కనే ప్రతిచోటా ఒక మాట: యాభై ఐదు గ్రెయిన్. గ్రెయిన్ అంటే గింజ అని నాకు ఒకటో తరగతిలోనే వచ్చు. కాబట్టి తూటాలో యాభై ఐదు మందు గింజలు లెక్కపెట్టి పోస్తారని ఒక్క నిమిషంలో తేల్చేశాను. అక్కడితో ఆగినా బాగుండేది. రచయిత అన్నాక స్వయంగా పరీక్షించాలని, తూటా అంత ఉందని తోచిన స్కెచ్ పెన్ను మూత ఒకటి తెచ్చి, నానమ్మ ముందు పెట్టి, యాభై ఐదు బియ్యపు గింజలు పోయమన్నాను.

నానమ్మ కళ్లజోడు సర్దుకుంది. "ఏ బియ్యమే? పోసాన్ బియ్యమా, సన్నవా? అది సెప్పకుండా యాభై అయిదు అంటే ఏటి తెలుస్తాది?"

నిజమే. పోసాన్ గింజ పొట్టిగా లావుగా ఉంటుంది, మూత నలభై ఒకటికే నిండిపోయింది. సన్న బియ్యం అరవై రెండు పట్టాయి. ఇద్దరం రెండుసార్లు లెక్కపెట్టాం. ఈ సంగతి లోకంలో ఇంకెవరూ రాయలేదు. నేను రాశాను. "దూరాన ఉన్న కయోటీకి సన్న గింజ, దగ్గర దానికి లావు గింజ వాడడం మేలు" అని ఒక పేరా. ఇంకా, "ఫ్లాట్ షూటింగ్" తూటా అని కనిపిస్తే, నేల మీద బోర్లా పడుకుని కాల్చడానికి చేసినది అనీ, మొనలో బోలు ఉన్న గుండు జేబుకు తేలిక అనీ రాశాను. బొచ్చును కాపాడే గుండు అని ఇంకొకటి కనిపించింది. అది జంతువుకు ఏమాత్రం హాని చెయ్యదని, సున్నిత మనస్కులైన వేటగాళ్లకు అదే నా సిఫారసు అనీ ముగించి, పంపించి, హాయిగా నిద్రపోయాను.

మర్నాడు ఆదివారం చిన్నాన్న భోజనానికి వచ్చాడు. నా తొలి రచన కదా అని తెలుగులో చదివి వినిపించాను. గింజల పేరా దగ్గర ఆయన అన్నం ముద్ద కంచంలోనే పెట్టేశాడు.

"గుంటా, ఇది పంపీసినావా?"

"పంపేశాను."

ఆయన చెయ్యి కడుక్కుని సంచిలోంచి చిన్న తూకం యంత్రం తీశాడు. బంగారు కొట్లో వాడేది, అరచేతిలో పట్టేంత. దాని మీద మీట నొక్కుతుంటే గ్రాములు, క్యారట్లు మారి, చివరికి జి, ఎన్ అని రెండు చిన్న అక్షరాలు వచ్చాయి. "ఇదిగో, ఇదే నీ గ్రెయిను. బరువు అది, లెక్క కాదు. మన కొట్లో య్వే అంటామా, ఎర్ర గురివింద గింజ బరువు? ఆళ్లకి అలాగే ఎప్పుడో బార్లీ గింజ బరువు. గుండు ఎంత బరువుంటే అన్ని గ్రెయిన్లు." నానమ్మ ఉంగరం అడిగి యంత్రం మీద పెట్టాడు. యాభై నాలుగు, యాభై ఐదు మధ్య ఊగి, యాభై ఐదు దగ్గర నిలిచింది.

నానమ్మ ఉంగరాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "అయితే ఇంతేటే గుండంటే? దీనికా నాసేత రెండుమార్లు బియ్యం లెక్కెట్టించినావు?"

నాకు నవ్వు రాలేదు. టోపీ తాత నుంచి అప్పటికే ఒక వాక్యం వచ్చి ఉంది: రేపు ఉదయం ఏడింటికి వీడియోలో మాట్లాడదాం. చిన్నాన్న వెళ్తూ వెళ్తూ, గాజు బల్ల వెనక కుర్చీ కూడా వేయిస్తానని ఓదార్చాడు.

మర్నాడు ఏడింటికి కరెంటు ఉంది. అది కూడా నాకు శత్రువే. తెర మీద టోపీ, దాని కింద ముసలి ముఖం. ఆయన నా వ్యాసం కాగితం మీద ముద్రించుకుని కూర్చున్నాడు.

"ఈ గింజలు ఎవరు లెక్కపెట్టారు?" అని ఇంగ్లీషులో అడిగాడు.

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను. పక్కన నానమ్మ ఉంది. "మా నానమ్మా నేనూ. నాకు తుపాకుల గురించి ఏమీ తెలియదు. కయోటీని చూడలేదు. గ్రెయిన్ అంటే బరువని నిన్న మధ్యాహ్నం తెలిసింది" అన్నాను. జీవితంలో అంత పొడుగు నిజం నేను అంతకు ముందు చెప్పలేదు.

ఆయన టోపీ తీశాడు, లోపల బట్టతల. కళ్లు తుడుచుకున్నాడు. భార్యను పిలిచి నా వ్యాసం వినిపిస్తే, ఆవిడ రొట్టెల పిండి కలుపుతున్నదల్లా నవ్వలేక వంటింట్లో కూలబడిందట. తరువాత గంటసేపు ఓపిగ్గా చెప్పాడు. టూ ట్వంటీ త్రీ చాలామందికి సరిపోతుంది, మరీ దూరానికి ట్వంటీ టూ టూ ఫిఫ్టీ, గాలి బాగా వీచే చోట కాస్త బరువైన గుండు వేసే టూ ఫార్టీ త్రీ. మొన బోలుగా ఉంటే లోపలికి వెళ్లి విచ్చుకుంటుంది, జంతువు బాధపడకుండా ఒక్కసారిగా పోతుంది. "ఫ్లాట్" అంటే గుండు దూరం పోయినా ఎక్కువ కిందికి వంగదని, మనం పడుకోవడం కాదని. అన్నిటికన్నా ముఖ్యం, కాగితం మీద గొప్పది కాదు, నీ తుపాకీలోంచి ఒకేచోట తగిలేది మంచి తూటా. అది తెలుసుకోవాలంటే తుపాకీని బల్ల మీద ఆనించి గురి పలక మీద కాల్చి చూడడమే దారి. నేను నోట్‌బుక్కులో పదకొండు పేజీలు రాసుకున్నాను. నానమ్మ మధ్యలో ఒక్కటే అడగమంది: కోళ్లగూటికి గట్టి తలుపు పెట్టుకోవచ్చు కదా అని. అడిగాను. అదీ రాయమన్నాడాయన.

ఆ పేజీలు చూసి రాసిన రెండో వ్యాసం నిలిచింది, ఉద్యోగమూ నిలిచింది. మొదటిది ఆయన నవ్వుల పేజీలో వేశాడు. దానికొచ్చినన్ని ఉత్తరాలు నేను తరువాత సరిగ్గా రాసిన వేటికీ రాలేదు. ఒకాయన అయితే బాస్మతి సంగతి ఏమిటని అడిగాడు.

ఇప్పుడు నేను ఇతరుల రాతలు దిద్దే పనిలో ఉన్నాను. తెలియనిది వస్తే వెంటనే తెలియదంటాను, నలుగురిని అడుగుతాను, నా రాతలో తప్పులుండవు (నవ్వులూ ఉండవు). మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన చిమిండైంగ్ పేట అమ్మాయి గడ్డకట్టిన సరస్సుల మీద చేపలు పట్టడం గురించి వ్యాసం తెచ్చింది. ఆ పిల్ల మంచు చూసింది జూస్ గ్లాసులోనే. అందులో ఒక వాక్యం: "లావుపాటి వాళ్లు సరస్సు అంచున కాక మధ్యలో కూర్చోవాలి, లేకపోతే సరస్సు ఒక పక్కకు ఒరుగుతుంది." దిద్దడానికి వేలు చెరిపే మీట మీద పెట్టాను. ఆ అమ్మాయి ఎదురుగా కూర్చుని, తన అనుభవం మీద ఏ అనుమానమూ లేని ముఖంతో, నా మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తోంది. ఆ వాక్యం కొట్టెయ్యడానికి నాకు చాలాసేపు పట్టింది.