సగం బిళ్ళ

రత్నం చెయ్యి దొడ్డది. న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో మిగిలిన మందు పారేసే ఇల్లంటూ లేదు గానీ, ఈవిడ మిగలకముందే పంచేస్తుంది. గోడ మీదుగా పులుసు గిన్నె వెళ్ళినట్టే జ్వరం బిళ్ళా వెళ్తుంది.

నలభై నాలుగేళ్ళకే గర్భసంచీ అండాశయాలూ తీసేశారేమో, ఆవిడకి ఒళ్ళంతా ఆవిర్లు పట్టుకున్నాయి. కలకత్తాలో ఒక ప్రైవేటు ఆసుపత్రి వాళ్ళు కొత్త ఈస్ట్రోజెన్ మాత్రను పరీక్షిస్తూ ఆవిడనీ చేర్చుకున్నారు. గర్భసంచి లేనివాళ్ళనే తీసుకున్నారు. ఇంకెవరికీ ఇవ్వొద్దని మరీమరీ చెప్పారు. రత్నం బుద్ధిగా తలూపింది. మాత్రకి పేరు లేదు, అట్ట మీద ఒక నంబరు, అంతే. నెల తిరక్కుండా ఒళ్ళు చల్లబడింది.

పక్క క్వార్టర్ సుజాతమ్మకి ముట్లాగి మూడేళ్ళు. అవే ఆవిర్లు.

"ఏటి వదినా, నా మందుండగా నువ్వు ఉడికిపోడమేటి?" అంటూ రత్నం రోజూ సగం బిళ్ళ విరిచి ఇచ్చింది. ఏడాది పైన ఇచ్చింది. ఖాళీ అట్టలు మాత్రం అన్నీ తానే మింగినట్టు ఆసుపత్రిలో అప్పజెప్పేది. ఏం పోయేకాలమో!

ఒకరోజు ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. పరీక్ష ఆపేశారట, ఆ మందు ఇక బజారులోకి రాదట.

"ఈ మందు పెట్టి చూసిన జంతువుల గర్భసంచిలో గడ్డలొచ్చాయి. మీకా సంచే లేదు కదా దీదీ, భయం లేదు," అంది అవతలి అమ్మాయి.

రత్నం గోడ అవతలికి చూసింది. సుజాతమ్మకి పది రోజులుగా రక్తం పోతోంది. "మళ్ళీ వయసొచ్చినాది నాకు," అని నవ్వుతోంది కూడా. చెబితే ఆ ఇంటి గడప తొక్కనివ్వరు. చెప్పకపోతే మనిషే దక్కదు. బిళ్ళలు అయిపోయాయని ఇవ్వడం మానేసింది గానీ, అసలు సంగతి చెప్పలేదు. అలా మూడు వారాలు పోయాయి.

చివరికి డాక్టరు దగ్గరికి తనే తోడు వెళ్ళింది.

"హార్మోను మందులేమైనా వాడారా?"

"నేదు బాబూ," అంది సుజాతమ్మ ఠక్కున. రత్నాన్ని ఇరికించకూడదని, పాపం.

"వాడింది డాక్టరుగారూ! నేనే ఇచ్చినాను!" రత్నం ఏడుస్తూ అంతా కక్కేసింది. డాక్టరు కలం పక్కన పెట్టి, గర్భసంచిలోంచి ముక్క తీసి పరీక్షకి పంపాలన్నాడు. ఇంత ఆలస్యం చేశారేమన్నాడు.

బయట బెంచీ మీద సుజాతమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"ఏడవకే. నువ్వూ సగం మింగినావు కదా. నువ్వు కూడా సూపించుకో, పిచ్చిదానా."

"నాకేటీ అవదు వదినా," అంది రత్నం. "నాకా సంచే నేదు."

సుజాతమ్మ ఆవిడ మొహంలోకి చూసింది. తర్వాత చెయ్యి తీసేసుకుంది.